స్కాట్లాండ్ పూర్వీకుణ్ణి వెతకడం స్కాట్లాండ్‌లో మొదలుపెట్టకండి

స్కాట్లాండ్ నుంచి వలసపోయిన పూర్వీకుడెవరో తెలుసుకోవాలనుకునేవాళ్ళు చాలామంది ముందుగా స్కాట్లాండ్ రికార్డులే తెరుస్తారు. పేరు తెలుసు, ఇంటిపేరు తెలుసు, పుట్టిన సంవత్సరం ఉజ్జాయింపుగా తెలుసు, ఇంకేం కావాలి అనిపిస్తుంది. ఆ మూడూ ఉన్నా ఎవరూ దొరకరు, లేదంటే అంతకంటే ఇబ్బంది, ఒకే పేరుతో పాతికమంది దొరుకుతారు. అసలు కావలసింది పారిష్ పేరు. ఆయన పుట్టింది ఏ చర్చి పరిధిలోనో తెలిస్తేనే స్కాట్లాండ్‌లో వెతకడానికి ఒక దారి ఉంటుంది. ఆ పారిష్ పేరేమో చాలావరకు స్కాట్లాండ్‌లో దొరకదు, ఆయన వెళ్ళి స్థిరపడిన దేశంలో దొరుకుతుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మా ఆయన వాళ్ళ వంశం వెతికే పని కొంతకాలంగా నేనే చూస్తున్నాను. వాళ్ళది కెనడాలో నోవా స్కోషియా రాష్ట్రం, అందులో కేప్ బ్రెటన్ దీవి. ఇంటిపేరు మెక్‌లౌడ్. మామగారికి ఎనభై దాటాయి. ఆయన చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ ఇంట్లో స్కాట్లాండ్‌వాళ్ళ గేలిక్ భాషలోనే మాట్లాడేదట, ఇప్పుడు ఆయనకి ఆ భాషలో కొన్ని కీర్తనలు మాత్రం గుర్తున్నాయి. తాతముత్తాతల గురించి ఆయనకి తెలిసింది ఒక్కటే మాట: "నార్మన్ మెక్‌లౌడ్ మనుషులతో వచ్చారు, ఒక తమ్ముడు మళ్ళీ ఆయనతోనే వెళ్ళిపోయాడు." ఎక్కడికి వెళ్ళిపోయాడు, అసలు ఎక్కడి నుంచి వచ్చారు అంటే తెలియదు. చివరికి మాకు దారి చూపించింది ఆ వెళ్ళిపోయిన తమ్ముడే. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను.

ముందు ఇంటిపేరు సంగతి. ఉత్తర స్కాట్లాండ్ కొండప్రాంతంలో, అంటే హైలాండ్స్‌లో, ఒక్కో పారిష్‌లో ఉండే ఇంటిపేర్లు చాలా తక్కువ. సదర్లాండ్ జిల్లా పడమటి తీరంలో అసింట్ అనే పారిష్ ఉంది, అక్కడ ఎటు చూసినా మెక్‌లౌడ్‌లు, మెకంజీలే. పెట్టుకునే పేర్లు కూడా కొన్నే: డొనాల్డ్, జాన్, మర్డో, ఆంగస్, రోడరిక్, నార్మన్. అందుకే ఊళ్ళోవాళ్ళు మనుషుల్ని ఇంటిపేరుతో పిలుచుకునేవాళ్ళు కాదు, ఫలానావాడి కొడుకు, ఫలానా ఎర్రజుట్టు ఆయన మనవడు అని పిలుచుకునేవాళ్ళు. రికార్డు రాసినవాడు మాత్రం జాన్ మెక్‌లౌడ్ అని రాసి ఊరుకున్నాడు. ఒకే ఏడాది పుట్టిన ముగ్గురు జాన్ మెక్‌లౌడ్‌లలో మనవాడెవడో ఆ పుస్తకం చెప్పదు.

ఓడల జాబితాలు చూస్తే సరిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. అక్కడే అందరికీ పెద్ద నిరాశ. బ్రిటన్ నుంచి బయటికి వెళ్ళిన ప్రయాణికుల జాబితాలు పద్ధతిగా మిగిలింది 1890 నుంచి మాత్రమే. కెనడాకి వచ్చిన ఓడల జాబితాలు క్విబెక్ రేవుకి 1865 నుంచి, హాలిఫాక్స్‌కి 1881 నుంచి ఉన్నాయి. అంతకు ముందువి అక్కడక్కడా ఒకటీ అరా. కానీ నోవా స్కోషియాకి స్కాట్లాండ్ జనం పెద్దఎత్తున వచ్చింది అంతకు ఎంతో ముందే. 1773లో హెక్టర్ అనే ఓడ లాక్ బ్రూమ్ నుంచి బయలుదేరి సెప్టెంబరులో పిక్టో రేవుకి చేరింది. దారిలో మశూచి, విరేచనాలతో పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత డెబ్భై ఎనభై ఏళ్ళపాటు జనం వస్తూనే ఉన్నారు. కట్టెలు మోసే ఓడలు బ్రిటన్‌లో కలప దించి, తిరుగు ప్రయాణంలో ఖాళీగా రావడం ఎందుకని మనుషుల్ని ఎక్కించుకునేవి. దిగినవాళ్ళ పేర్లు రాసుకోవాలన్న నియమం లేనప్పుడు ఎవరు రాస్తారు.

సరే, వాళ్ళు దిగిన చోటి కాగితాలు చూద్దాం. నోవా స్కోషియాలో ప్రభుత్వం జనన మరణాలు నమోదు చేయడం 1864లో మొదలుపెట్టింది, 1877లో ఆపేసింది, మళ్ళీ 1908లో గానీ మొదలుపెట్టలేదు. పెళ్ళిళ్ళ నమోదు మాత్రం ఆగకుండా సాగింది. మనం వెతికే మనిషి ఆ ముప్ఫై ఏళ్ళ ఖాళీలో పోయి ఉంటే మరణ రికార్డు ఉండదు. మా ఆయన వాళ్ళ ముత్తాత తండ్రి సరిగ్గా అలాగే పోయాడు. జనాభా లెక్కల్లో ఆయన కనిపిస్తాడు కానీ పుట్టిన చోటు అన్న గడిలో "స్కాట్లాండ్" అని ఒక్క మాటే. చర్చి పుస్తకాలు ఏమైనా చెప్తాయేమో అనుకుంటే, ఆ చర్చి నడిపింది నార్మన్ మెక్‌లౌడ్. బాప్తిస్మం ఇవ్వడంలో ఆయన చాలా కఠినంగా ఉండేవాడు.

ఈయన గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈయన లేకపోతే మా కథ లేదు. నార్మన్ మెక్‌లౌడ్ 1780లో అసింట్‌లోనే పుట్టాడు. స్కాట్లాండ్ చర్చి దారి తప్పిందని ఆయన గట్టి నమ్మకం. ఉల్లాపూల్లో బడిపంతులుగా ఉన్నప్పుడు అక్కడి పాస్టరుతో గొడవపడి, 1817లో ఫ్రాన్సిస్ ఆన్ అనే ఓడలో పిక్టోకి వచ్చేశాడు. 1820లో తనని నమ్మినవాళ్ళతో కలిసి కేప్ బ్రెటన్‌లోని సెయింట్ ఆన్స్‌లో స్థిరపడ్డాడు. అసింట్ నుంచి, చుట్టుపక్కల పారిష్‌ల నుంచి బంధువులు ఒకరి వెనక ఒకరు అక్కడికే వచ్చారు. 1840ల చివర్లో అక్కడ కూడా బంగాళదుంప తెగులు వచ్చి తిండికి కరువైంది. అదే సమయంలో ఆస్ట్రేలియాలో ఉన్న కొడుకు దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది, ఇక్కడ వాతావరణం బాగుంది అని. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి, 1851లో మార్గరెట్ అనే ఓడ ఎక్కి ఆస్ట్రేలియాకి, అక్కడి నుంచి న్యూజిలాండ్‌కి వెళ్ళాడు. ఆయన వెనక మొత్తం ఆరు ఓడల్లో ఎనిమిది వందలమందికి పైగా వెళ్ళారు. ఉత్తర న్యూజిలాండ్‌లో వైపూ అనే ఊరు వాళ్ళు కట్టుకున్నదే. ఒక జీవితకాలంలో రెండు సముద్రాలు దాటి, రెండుసార్లు అడవి కొట్టి పొలం చేసుకున్న మనుషులు వాళ్ళు. ఆ ఆడవాళ్ళ గురించి ఆలోచించినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది, పిల్లల్ని వేసుకుని అంత ప్రయాణం రెండోసారి కూడా ఎలా చేశారో.

మామగారు చెప్పిన "వెళ్ళిపోయిన తమ్ముడు" అంటే వీళ్ళలో ఒకడై ఉండాలి. న్యూజిలాండ్‌లో 1876 నుంచి మరణ రికార్డుల్లో చాలా వివరాలు రాసేవాళ్ళు: ఎక్కడ పుట్టాడు, న్యూజిలాండ్‌కి వచ్చి ఎన్నేళ్ళయింది, తండ్రి పేరు, తల్లి పేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు, ఎక్కడ ఎవరిని పెళ్ళి చేసుకున్నాడు, బతికున్న పిల్లలు ఎంతమంది. ఆ తమ్ముడు 1876 తర్వాతే పోయాడు. ఆ కాపీ తెప్పించి చూస్తే పుట్టిన చోటు అసింట్ అని ఉంది. తల్లిదండ్రుల పేర్లు కూడా ఉన్నాయి. అన్న గురించి, అంటే మా ఆయన వాళ్ళ ముత్తాత తండ్రి గురించి, కెనడాలో ఎంత వెతికినా దొరకని సంగతి, తమ్ముడి మరణ రికార్డులో భూమికి అవతలి వైపు అలా కూర్చుని ఉంది. మామగారికి ఫోన్‌లో ఆ తల్లి పేరు చదివి వినిపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అది మా అక్క పేరే" అన్నారు.

అందుకే నేను ఎవరికైనా చెప్పే మొదటి మాట ఇదే: మీ మనిషి దొరకకపోతే ఆయన అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్ళని, పక్కింటివాళ్ళని, పెళ్ళికి సాక్షి సంతకం పెట్టినవాళ్ళని వెతకండి. హైలాండ్స్ నుంచి ఎవరూ ఒంటరిగా రాలేదు, ఊళ్ళకి ఊళ్ళే కలిసి వచ్చాయి. పక్క పొలం ఆసామి సమాధి రాయి మీద "సదర్లాండ్‌లోని ఫలానా పారిష్‌లో పుట్టినవాడు" అని చెక్కి ఉంటే, మనవాడిదీ అదే పారిష్ కావడానికి చాలా అవకాశం ఉంది. నోవా స్కోషియా సమాధి రాళ్ళ మీద పుట్టిన పారిష్ పేరు చెక్కించడం ఆ తరంవాళ్ళకి బాగా అలవాటు. ఇంకొకటి కేప్ బ్రెటన్ భూముల అర్జీలు. 1787 నుంచి 1843 వరకు భూమి కావాలని ప్రభుత్వానికి పెట్టుకున్న అర్జీలు నోవా స్కోషియా ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. వయసెంత, పెళ్ళయిందా, పిల్లలెంతమంది, వచ్చి ఎన్నాళ్ళయింది అని చాలా అర్జీల్లో స్వయంగా చెప్పుకున్నారు.

పారిష్ దొరికాక అప్పుడు స్కాట్లాండ్. వంశం వెతకడానికి కావలసిన అక్కడి ప్రభుత్వ రికార్డుల్లో ముఖ్యమైనవి స్కాట్లాండ్స్ పీపుల్ అనే ఒకే సైట్‌లో ఉంటాయి, చాలావాటికి క్రెడిట్లు కొనుక్కుని ఒక్కో పేజీ చూడాలి. ప్రభుత్వ నమోదు మొదలైంది 1855 జనవరి 1న. అంతకు ముందు ఉన్నవి స్కాట్లాండ్ చర్చి పారిష్ రిజిస్టర్లు. అన్నిటికంటే పాతది పర్త్‌షైర్‌లోని ఎరల్ పారిష్‌ది, 1553 నాటిది. అది చూసి ఆశపడకండి, హైలాండ్స్ పారిష్‌లలో చాలావాటికి పద్దెనిమిదో శతాబ్దం చివరి దాకా పుస్తకమే లేదు. ఉన్నచోట కూడా అందరి పేర్లూ ఉండవు. 1783 నుంచి 1794 వరకు ఒక్కో నమోదుకి మూడు పెన్నీల పన్ను పెట్టారు, ఆ పన్ను కట్టలేక చాలామంది పిల్లల పేర్లు రాయించలేదు. 1843లో చర్చి రెండుగా చీలింది, నాలుగువందలమందికి పైగా పాస్టర్లు బయటికి వచ్చి ఫ్రీ చర్చి పెట్టారు, హైలాండ్స్ జనంలో ఎక్కువమంది వాళ్ళ వెంటే నడిచారు. ఆ తర్వాతి బాప్తిస్మాలు చాలావరకు ఫ్రీ చర్చి పుస్తకాల్లో ఉంటాయి.

ఇక్కడ కూడా ఇంట్లో మిగిలిపోయినవాళ్ళే దిక్కు. అన్నదమ్ముల్లో ఒకరైనా స్కాట్లాండ్‌లోనే ఉండిపోయి 1855లోనో ఆ తర్వాతో చనిపోయి ఉంటే, ఆ మరణ రికార్డులో తండ్రి పేరు, తల్లి పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరు ఉండాలి. ఇంగ్లాండ్ మరణ రికార్డుల్లో అప్పట్లో ఇవేవీ ఉండేవి కావు. మొదటి ఏడాది 1855లో అయితే అధికారులు ఎంత వివరంగా రాయించారంటే, పోయిన మనిషి పిల్లలందరి పేర్లు, వయసులు, ఆ ఊళ్ళో ఎన్నేళ్ళుగా ఉంటున్నాడు అన్నీ అడిగారు. అంత పని గుమస్తాల వల్ల కాక మరుసటి ఏడాదే తగ్గించేశారు. మా వాళ్ళలో పెద్దాయన, వలస వెళ్ళని అన్న, 1855 తర్వాత అసింట్‌లోనే పోయాడు. ఆయన మరణ రికార్డులోని తల్లిదండ్రుల పేర్లు, న్యూజిలాండ్ తమ్ముడి రికార్డులోని పేర్లు ఒకటే. మరణ రికార్డుల్లో వివరాలు చెప్పేది పిల్లలో పక్కింటివాళ్ళో కాబట్టి తప్పులుంటాయి, ఒక్కదాన్నే నమ్మకూడదు. రెండు దేశాల్లో, ముప్ఫై ఏళ్ళుగా ఒకరి ముఖం ఒకరు చూసుకోని రెండు కుటుంబాలు అవే పేర్లు చెప్తే మాత్రం నమ్మొచ్చు.

జనాభా లెక్కలు 1841 నుంచి పనికొస్తాయి. 1841లో పదిహేనేళ్ళు దాటినవాళ్ళ వయసుని ఐదు లెక్కన కిందికి దించి రాశారు, ముప్ఫై నాలుగేళ్ళ మనిషి ముప్ఫై అని ఉంటాడు. పుట్టింది అదే జిల్లానా కాదా అన్నది మాత్రమే ఉంటుంది. 1851 నుంచి పుట్టిన పారిష్ రాశారు.

కిర్క్ సెషన్ పుస్తకాల గురించి చాలామందికి తెలియదు, తెలిస్తే వదలరు. పారిష్‌లో పాస్టరు, పెద్దలు కలిసి కూర్చుని ఊరి తగువులు తీర్చే సభ అది. పెళ్ళికాకుండా పిల్లలు పుట్టినవాళ్ళని, ఆదివారం పనిచేసినవాళ్ళని, తాగి గొడవ చేసినవాళ్ళని పిలిపించి అడిగేవాళ్ళు. బీదవాళ్ళకి డబ్బులిచ్చిన లెక్కలు కూడా వీటిలోనే ఉంటాయి. బాప్తిస్మం పుస్తకంలో తండ్రి పేరు లేని బిడ్డకి ఇక్కడ తండ్రి పేరు దొరుకుతుంది. స్కాట్లాండ్స్ పీపుల్‌లో వీటిని ఉచితంగా చూడొచ్చు, కాకపోతే పేరుతో వెతికే సౌకర్యం తక్కువ, పేజీలు తిప్పుతూ పాత చేతిరాత చదువుకోవాలి. ఓపిక కావాలి. నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, మనుషులు మాట్లాడిన మాటలు వినిపిస్తాయి.

పేర్ల విషయంలో ఒక ఆచారం బాగా సాయపడుతుంది. మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు, మూడోవాడికి తండ్రి పేరు. మొదటి కూతురికి తల్లి తల్లి పేరు, రెండో అమ్మాయికి తండ్రి తల్లి పేరు. మన ఇళ్ళలో తాత పేరు మనవడికి పెట్టుకున్నట్టే, కాకపోతే వాళ్ళకి వరస కూడా ఖాయం. దీన్ని రుజువుగా తీసుకోకూడదు, ఎటు వెతకాలో చెప్పే సూచనగా మాత్రమే తీసుకోవాలి. ఇంకో విషయం, గేలిక్ పేర్లని ఇంగ్లీషులో ఒక్కో గుమస్తా ఒక్కోలా రాశాడు. ఒకే ఆవిడ ఒకచోట ఎఫీ, ఇంకోచోట యుఫీమియా, మరోచోట హెన్రియెట్టా అని ఉంటుంది. జానెట్, జెస్సీ కూడా ఒకరే కావచ్చు. ఆడవాళ్ళ విషయంలో స్కాట్లాండ్ పద్ధతి మనకి మేలు చేసింది, పెళ్ళయ్యాక కూడా చాలా రికార్డుల్లో, సమాధుల మీద పుట్టింటి ఇంటిపేరే ఉంచారు.

ఈ మధ్య ఇంటిపేరు చెప్తే మీ వంశ చిహ్నం, మీ వంశపు గళ్ళ బట్ట ఇదీ అని ఫ్రేము కట్టి అమ్మేవాళ్ళు ఎక్కువయ్యారు. వాటిమీద డబ్బు పెట్టకండి. స్కాట్లాండ్‌లో ఆ చిహ్నాలు ఇచ్చే అధికారం లార్డ్ లయన్ అనే పదవిలో ఉన్నవారిది, అది ఒక వ్యక్తికి ఇస్తారు, ఇంటిపేరుకి ఇవ్వరు. ఫలానా వంశానికి ఫలానా గళ్ళ బట్ట అన్న లెక్క కూడా చాలావరకు 1822లో నాలుగో జార్జ్ రాజు ఎడిన్‌బరో వచ్చిన కాలం తర్వాత స్థిరపడిందే. ఆ పూర్వీకుడు కౌలు పొలంలో బంగాళదుంపలు పండించుకున్న మనిషి. ఆయనకి సర్దారు వేషం వేస్తే ఆయన పడ్డ కష్టం కనపడకుండా పోతుంది.

ఎందుకు వెళ్ళారన్నది కూడా అలాంటిదే. గొర్రెల కోసం భూస్వాములు జనాన్ని వెళ్ళగొట్టారు అన్న ఒక్క మాటతో అందరి కథా చెప్పేస్తారు. సదర్లాండ్ ఎస్టేట్‌లో అది నిజంగా జరిగింది. ముఖ్యంగా 1811 నుంచి 1820 వరకు లోపలి లోయల్లోని ఊళ్ళు ఖాళీ చేయించి జనాన్ని తీరానికి తోశారు, స్ట్రాత్‌నేవర్ అనే లోయలో ఇళ్ళు తగలబెట్టిన కేసులో ఆ ఎస్టేట్ వ్యవహారాలు చూసిన ప్యాట్రిక్ సెల్లార్ మీద 1816లో విచారణ జరిగి నిర్దోషి అన్నారు. కానీ అంతకు ముందు హైలాండ్స్ భూస్వాములు చాలామంది జనం వెళ్ళిపోకుండా ఆపాలని చూశారు. సముద్రపు నాచు కాల్చి బూడిద అమ్మితే బోలెడు లాభం, దానికి చవకగా కూలీలు కావాలి. 1803లో ప్రయాణికుల ఓడల చట్టం వచ్చి టికెట్ ధర పెరగడం వెనక వాళ్ళ ఒత్తిడి ఉంది. 1815లో ఫ్రాన్స్‌తో యుద్ధం ముగిసి, ఆ తర్వాత ఆ బూడిద ధర పడిపోయాక, అదే మనుషులు అక్కర్లేని భారం అయ్యారు. కాబట్టి మీవాళ్ళు ఏ ఏడాది వెళ్ళారో తేలితే తప్ప ఎందుకు వెళ్ళారో చెప్పలేం. మావాళ్ళ విషయంలో భూమి పోవడం, నార్మన్ మెక్‌లౌడ్ మీద నమ్మకం, ముందే వెళ్ళిన బంధువులు, మూడూ ఉన్నాయని నా అభిప్రాయం.

డీఎన్‌ఏ పరీక్ష మామగారితో చేయించాం. వైపూలో ఉండే ఒకాయనతో కొంత కలిసింది. అయితే ఐదు తరాల వెనకటి ఒక్కో పూర్వీకుడి వాటా మనలో మూడు శాతం దగ్గర ఉంటుంది, పైగా కేప్ బ్రెటన్‌లో అసింట్ కుటుంబాలు తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకున్నాయి, అందువల్ల అసలు ఉన్నదానికంటే దగ్గర చుట్టాల్లా కనిపిస్తారు. కాగితాలతో కలిపి చూస్తేనే దానికి విలువ.

నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ పాత మ్యాపులు ఎన్నో తన సైట్‌లో ఉచితంగా పెట్టింది, పాత మ్యాపు ఒక పక్క, ఇప్పటి ఉపగ్రహ చిత్రం ఇంకో పక్క పెట్టుకుని చూడొచ్చు. 1841 లెక్కల్లో పెద్దన్న, ముసలి తల్లి ఉన్న ఊరు అసింట్‌లోనే స్టోర్ అనే చోటు దగ్గర తీరంలో ఉంది. మామగారి పక్కన కూర్చుని అది చూపించాను, ఆయన స్క్రీన్ మీద వేలితో ఒడ్డు వెంబడి గీసుకుంటూ ఇక్కడ చేపలు పట్టి ఉంటారా, గాలి ఎటు నుంచి వస్తుంది అని అడుగుతూనే ఉన్నారు.

ఇంకా తేలనిది ఒకటుంది. ఈ కుటుంబం తీరానికి రాకముందు లోపల ఏ ఊళ్ళో ఉండేది? సదర్లాండ్ ఎస్టేట్ కాగితాలు ఎడిన్‌బరోలో అదే లైబ్రరీలో ఉన్నాయి, కౌలు లెక్కల పుస్తకాలు కూడా. వాటిలో చాలాసార్లు పెద్ద కౌలుదారు పేరే ఉంటుంది, ఆయన కింద సాగుచేసుకున్నవాళ్ళ పేర్లుండవు. అయినా 1774లో జాన్ హోమ్ అనే సర్వేయరు అసింట్ మొత్తం కొలిచి గీసిన మ్యాపులు ఉన్నాయి కాబట్టి, ఖాళీ చేయించిన ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే రాసుకుని, కౌలు లెక్కల్లో ఆ ఊళ్ళకి ఎదురుగా ఉన్న మెక్‌లౌడ్‌లని విడదీస్తున్నాను. పెద్దన్న కొడుక్కి పెట్టిన పేరు ఒకటి ఆ పారిష్‌లో అరుదైనది, ఆ పేరున్న కౌలుదారు కోసం ముందు చూస్తున్నాను.